మూడు ఫైళ్ల దావా

1991 జూన్‌కు కొన్ని నెలల ముందు మాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ ప్రాంగణం. ఎవాన్స్ హాల్ భవనంలోని ఒక గదిలోకి కీత్ బాస్టిక్ గర్వంగా అడుగుపెట్టాడు. ఆ గది మైక్ కారెల్స్, కర్క్ మెక్యూసిక్‌లది. బాస్టిక్ చేతిలో ఒక జాబితా ఉంది. అందులో వందల కొద్దీ కంప్యూటర్ ప్రోగ్రాముల పేర్లు. దాదాపు అన్నీ పూర్తయ్యాయి. తన వంతు పని అయిపోయిందని, మరి కెర్నెల్ ఎంతవరకు వచ్చిందని వాళ్లిద్దరినీ అడిగాడు.

కెర్నెల్ పని మొదలే కాలేదు. ఏడాదిన్నర కిందట ఇచ్చిన మాట ఇప్పుడు గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఇక తప్పించుకునే దారి లేదని ఇద్దరికీ అర్థమైంది.

ఈ రోజు మన జేబులో ఉన్న ఫోనుకూ, బ్యాంకు సర్వర్‌కూ, వాతావరణాన్ని లెక్కగట్టే సూపర్ కంప్యూటరుకూ ప్రాణం పోస్తున్న స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకే చెట్టు కొమ్మలు కావు. వాటికి వేర్వేరు వంశాలున్నాయి. ఆ వంశాలు ఎలా విడిపోయాయో తెలియాలంటే ఆ జాబితా వెనుక కథ వినాలి.

విత్తనం ఒకరిది, సేద్యం ఒకరిది

కంప్యూటరులోని ప్రాసెసర్, మెమరీ, డిస్కు, తెర అన్నింటినీ ఒక్క తాటి మీద నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. దాని గుండెకాయ కెర్నెల్. యంత్రంతో నేరుగా మాట్లాడేది అదే. ఫైలు చూపించడం, కాపీ చేయడం, వెతకడం లాంటి పనులకు దాని చుట్టూ వందల చిన్న పనిముట్లుంటాయి. వాటిని యుటిలిటీలంటారు.

1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఇలాంటి ఒక సిస్టమ్‌కు శ్రీకారం చుట్టారు. అదే యూనిక్స్. బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ. అమెరికా టెలిఫోన్ వ్యవస్థ దాదాపు అంతా ఆ సంస్థ గుప్పిట్లో ఉండేది. అందుకే 1956లో ప్రభుత్వం దాన్ని ఒక ఒప్పందంతో కట్టేసింది. టెలిఫోన్ పని దాటి కంప్యూటర్ వ్యాపారంలోకి దిగకూడదు. అమ్ముకునే వీలు లేని యూనిక్స్‌ను ఏటీ అండ్ టీ సోర్స్ కోడ్‌తో సహా తక్కువ రుసుముకే విశ్వవిద్యాలయాలకు లైసెన్సు ఇచ్చింది. సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామును మనిషి రాసిన రూపం. అది చేతిలో ఉంటే చదవొచ్చు, తప్పు దిద్దొచ్చు, కొత్తది చేర్చొచ్చు.

1975లో థాంప్సన్ తను చదువుకున్న బర్కిలీకే ఏడాది పాటు విజిటింగ్ ప్రొఫెసర్‌గా వచ్చాడు. అదే ఏడాది బిల్ జాయ్ అనే కుర్రాడు అక్కడ పై చదువులో చేరాడు. యూనిక్స్‌కు మెరుగులు దిద్దడం మొదలుపెట్టాడు. 1978లో తమ చేర్పులన్నీ ఒక టేపు మీదికెక్కించి అడిగినవాళ్లకు పంపాడు. మొదటిసారి వెళ్లినవి సుమారు 30 కాపీలే. ఆ టేపు పేరు బర్కిలీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, పొట్టిగా బీఎస్‌డీ. అమెరికా రక్షణ శాఖ పరిశోధనా విభాగం డార్పా తర్వాత ఈ పనికి డబ్బిచ్చింది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో టీసీపీ/ఐపీ ఉంది. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమావళి అది. ఆ నియమావళి విశ్వవిద్యాలయాలకు పాకిందంటే అందులో బర్కిలీ టేపుల పాత్ర చాలా ఉంది.

ఇంత సేద్యం చేసినా పొలం మాత్రం పరాయిదే. బర్కిలీ టేపు కావాలన్నవాళ్లు ముందు ఏటీ అండ్ టీ లైసెన్సు కొనాలి. 1984లో ప్రభుత్వం ఏటీ అండ్ టీని ముక్కలు చేసింది. దాంతో పాత ఒప్పందపు కట్లూ తెగాయి. యూనిక్స్ పూర్తిగా అమ్మకపు సరుకైంది. లైసెన్సు ధర ఏటేటా పెరిగింది. నెట్‌వర్క్ ఉత్పత్తులు తయారుచేసే చిన్న సంస్థలకు ఆ ధర మోయలేనిదైంది. టీసీపీ/ఐపీ భాగమంతా మీరు రాసిందే కదా, దాన్ని విడిగా ఇవ్వండని వాళ్లు బర్కిలీని అడిగారు. 1989 జూన్‌లో బర్కిలీ ఆ భాగాన్ని వేరుచేసి నెట్‌వర్కింగ్ రిలీజ్ 1 పేరుతో విడుదల చేసింది. టేపు ధర 1,000 డాలర్లు. కానీ కొన్నవాళ్లు దాన్ని ఎవరికైనా ఉచితంగా ఇచ్చుకోవచ్చు. మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రాసినవాళ్ల పేరు చెరపకుండా ఉంచితే చాలు. ఉచితంగా దొరుకుతుందని తెలిసీ వందల సంస్థలు డబ్బు కట్టి టేపు కొన్నాయి.

పేరు చాలన్న పనివాళ్లు

ఆ ఆదరణ చూసి బర్కిలీ యూనిక్స్ బృందంలోని బాస్టిక్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఒక భాగాన్ని విడిపించగలిగినప్పుడు మొత్తాన్నీ ఎందుకు విడిపించకూడదు? బృందం వారపు సమావేశంలో ఆ మాటే అన్నాడు.

కారెల్స్, మెక్యూసిక్ అనుభవజ్ఞులు. అది ఎంత కొండంత పనో వాళ్లకు తెలుసు. వందల యుటిలిటీలు, అవన్నీ వాడుకునే భారీ సి లైబ్రరీ. వాటిలో ఏటీ అండ్ టీ కోడ్ వరస ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నీ మొదటి నుంచి రాయాలి. నువ్వు యుటిలిటీల సంగతీ లైబ్రరీ సంగతీ తేల్చు, కెర్నెల్ మేం చూసుకుంటామని బాస్టిక్‌కు మాటిచ్చారు. అంతటితో ఈ ప్రస్తావన ముగిసిపోతుందని మనసులో అనుకున్నట్టు మెక్యూసిక్ తర్వాతి కాలంలో రాసుకున్నాడు.

బాస్టిక్ మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఇంటర్నెట్‌లో అందరికీ పిలుపునిచ్చాడు. యూనిక్స్ నిపుణుల సభల్లో ఎదురుపడ్డవాళ్లనల్లా అడిగాడు. ఏటీ అండ్ టీ కోడ్ చూడకుండా, ఆ పనిముట్టు ఏం చేస్తుందో చెప్పే వివరణ మాత్రమే దగ్గర పెట్టుకుని కొత్తగా రాసిపెట్టమన్నాడు. కూలి లేదు, కానుక లేదు. రాసినవాళ్ల పేరు ఆ యుటిలిటీ పేరు పక్కన బర్కిలీ దాతల పట్టికలో చేరుతుంది. అంతే.

మొదట్లో చిన్న చిన్న పనిముట్లే వచ్చాయి. పట్టిక పెరిగేకొద్దీ మిగిలిన వాటి కోసం ముందుకొచ్చేవాళ్లూ పెరిగారు. వందలాది మంది, ఒకరినొకరు చూసుకోని మనుషులు, తలా ఒక పనిముట్టు పంచుకుని రాశారు. పద్దెనిమిది నెలలు తిరిగేసరికి ముఖ్యమైనవి దాదాపు అన్నీ వచ్చేశాయి. అప్పుడే బాస్టిక్ జాబితాతో ఆ గదిలోకి నడిచాడు.

పల్లెలో చెరువు పూడిక తీయడానికి ఇంటికొకరు పార పట్టుకుని కదిలినట్టుంటుంది నాకు ఈ ఘట్టం తలచుకుంటే. ఇప్పుడు ప్రపంచంలో ఎంతో సాఫ్ట్‌వేర్ ఇలాగే రాస్తున్నారు. ఆనాటికి అది కొత్త దారి.

ఆరు ఫైళ్లు

మాటిచ్చిన పాపానికి ముగ్గురూ కూర్చున్నారు. కొన్ని నెలల పాటు కెర్నెల్‌ను ఫైలు తర్వాత ఫైలు జల్లెడ పట్టారు. ఈ వరస మనదా, బెల్ ల్యాబ్స్‌దా అని ప్రతి చోటా చూశారు. వాళ్లదైతే తీసేశారు. చివరికి తేలిగ్గా తిరగరాయలేని ఫైళ్లు ఆరే మిగిలాయి.

ఆ ఆరింటినీ వదిలేసి మిగిలినదంతా విడుదల చేద్దామని నిర్ణయించారు. కొత్త పేరు పెడితే విశ్వవిద్యాలయం అనుమతులు మళ్లీ మొదటికొస్తాయి. అందుకని నెట్‌వర్కింగ్ రిలీజ్ 2 అన్నారు. 1991 జూన్‌లో అది బయటికొచ్చింది. పేరుకు నెట్‌వర్కింగే గానీ అది ఆరు ఫైళ్లు తక్కువైన పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్.

ఆ లోటు పూడ్చడానికి ఒక మనిషి చాలాడు. బిల్ జోలిట్జ్ ఆరు నెలల్లో ఆరు ఫైళ్లకు బదులు రాశాడు. ఆయన, భార్య లిన్ అప్పటికే బీఎస్‌డీని ఇంటెల్ 386 ప్రాసెసరున్న మామూలు పీసీల మీద నడిపించే పనిలో ఉన్నారు. 1992లో 386బీఎస్‌డీ వచ్చింది. విశ్వవిద్యాలయాల గదుల్లోని ఖరీదైన యంత్రాల మీద బతికిన యూనిక్స్ సామాన్యుడి బల్ల మీదికి చేరింది.

ఇంకోవైపు బీఎస్‌డీఐ అనే చిన్న సంస్థ అదే కోడ్‌ను తీర్చిదిద్ది 1992 జనవరి నుంచి అమ్మకానికి పెట్టింది. ధర 995 డాలర్లు. ఏటీ అండ్ టీ వాళ్ల యూనిక్స్ అయిన సిస్టమ్ ఫైవ్ ధర మీద 99 శాతం తగ్గింపు అని ప్రకటించుకుంది. టెలిఫోన్ నంబరులో కూడా యూనిక్స్ అనే పేరు వచ్చేలా చూసుకుంది. ఆ పేరే నిప్పురవ్వ అయింది.

హెల్సింకిలో ఓ గది

ఇదే కాలంలో అట్లాంటిక్‌కు అవతల ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తల్లితో కలిసి ఉంటున్నాడు. కిటికీలకు మందపాటి నల్లటి తెరలు. పగలూ రాత్రీ తేడా తెలియని గది. 1991 జనవరి 5న ఒక 386 పీసీ కొన్నాడు. దాని మీద మినిక్స్ ఎక్కించాడు. ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ పాఠాలు చెప్పడానికి రాసిన చిన్న సిస్టమ్ అది. సోర్స్ కోడ్ చదవడానికి దొరికేది గానీ, మార్చి నలుగురికీ పంచే వీలు అప్పట్లో లేదు.

విశ్వవిద్యాలయం కంప్యూటరుకు ఇంటి నుంచి మోడెమ్ ద్వారా కలవడానికి టోర్వాల్డ్స్ ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. అది పెరిగింది. డిస్కు చదవడం నేర్చింది, ఫైళ్లు దాచడం నేర్చింది. ఒకసారి మోడెమ్‌కు వెళ్లాల్సిన ఆదేశం పొరపాటున హార్డ్ డిస్కుకు వెళ్లి, మినిక్స్ ఉన్న భాగం దెబ్బతింది. మినిక్స్ మళ్లీ ఎక్కించుకునే బదులు తన సిస్టమ్ మీదే నిలబడదామనుకున్నాడు. అంతకు ముందే, 1991 ఆగస్టు 25న మినిక్స్ వాడుకరులకు కబురు పెట్టాడు. సరదాకి చేస్తున్నానని, పెద్దదేమీ కాదని చెప్పుకున్నాడు. సెప్టెంబరులో తొలి కోడ్ నెట్‌లోకి వచ్చింది. సుమారు పదివేల వరసలు. దానికి ఫ్రీక్స్ అని పేరు పెట్టాలని అతని కోరిక. సర్వర్‌లో చోటిచ్చిన మిత్రుడు ఆరి లెమ్కే ఆ పేరు నచ్చక ఫోల్డరుకు లినక్స్ అని పెట్టాడు. అదే నిలిచిపోయింది.

కెర్నెల్ ఒక్కటే ఉంటే సిస్టమ్ కాదు. పనిముట్లు కావాలి. అవి అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. అమెరికాలో ఎంఐటీకి చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరు 27న గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను వాడే, చదివే, మార్చే, పంచే హక్కు ప్రతి మనిషికీ ఉండాలన్నది ఆయన పట్టుదల. కంపైలర్, ఎడిటర్, ఇంకా ఎన్నో పనిముట్లు గ్నూ కింద తయారయ్యాయి. కెర్నెల్ మాత్రం కుదరలేదు. టోర్వాల్డ్స్ దగ్గర ఉన్నది అదొక్కటే. రెండూ కలిశాయి.

1992లో టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌ను స్టాల్‌మన్ రాసిన జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. వంశాల తేడా ఇక్కడే ఉంది. బర్కిలీ ధాన్యం కొట్టు తలుపు తీసి, తీసుకెళ్లండి, ఇచ్చినవాళ్ల పేరు మరవకండి అంటుంది. తీసుకెళ్లినవాడు దాన్ని తన గాదెలో పోసి తాళం వేసుకున్నా అడగదు. జీపీఎల్ కూడా తీసుకెళ్లమనే అంటుంది. కానీ ఆ విత్తనంతో పండించినది పదిమందికి పంచితే, విత్తనం కూడా అదే హక్కుతో ఇవ్వాలంటుంది. రెండూ దానమే. మొదటిది ఇచ్చి మరిచిపోయే దానం. రెండోది ఇచ్చింది కొనసాగాలని కోరే దానం.

386బీఎస్‌డీ తను మొదలుపెట్టిన నాటికే ఉండి ఉంటే లినక్స్ బహుశా పుట్టేదే కాదని టోర్వాల్డ్స్ 1993లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆరు ఫైళ్ల ఆలస్యం ఒక వంశాన్ని పుట్టించింది.

కోర్టు మెట్లు

ఏటీ అండ్ టీ యూనిక్స్ హక్కులను చూసుకునే అనుబంధ సంస్థ యూనిక్స్ సిస్టమ్ ల్యాబొరేటరీస్. బీఎస్‌డీఐ ప్రకటనలో యూనిక్స్ పేరు వాడటం మీద అది మొదట లేఖ పంపింది. బీఎస్‌డీఐ ఆ నంబరు తీసేసింది. అయినా 1992లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టులో దావా పడింది. మా కోడ్, మా వ్యాపార రహస్యాలు మీ సరుకులో ఉన్నాయి, అమ్మకం ఆపాలని వాదన.

బీఎస్‌డీఐ జవాబు సూటిగా ఉంది. మేం వాడింది విశ్వవిద్యాలయం అందరికీ ఇచ్చిన కోడ్, దానికి మేం చేర్చింది ఆరు ఫైళ్లు. ఆ ఆరింటి మీద ఏ ప్రశ్నయినా అడగండి అంది. జడ్జి డికిన్సన్ డెబివాయిస్ అందులో న్యాయముందన్నాడు. దావా ఆరు ఫైళ్లకే పరిమితం చేయకపోతే కొట్టేస్తానన్నాడు. ఆరు ఫైళ్లతో కేసు నిలవదని వాదికీ తెలుసు. అందుకని ఈసారి విశ్వవిద్యాలయాన్నే ప్రతివాదిగా చేర్చి మళ్లీ వేసింది.

పద్దెనిమిది నెలలు కూలి అడగకుండా తిరగరాసిన వందల మంది శ్రమ ఇప్పుడు బోనులో నిలబడింది. దొంగసొత్తేమోనన్న అనుమానం మీద పడింది. 1993లో జడ్జి అమ్మకం ఆపే ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించాడు. రెండు తప్ప మిగిలిన ఆరోపణలన్నీ కొట్టేశాడు. మిగిలిన తగువు రాష్ట్ర కోర్టులో తేల్చుకోవచ్చన్నాడు. ఆ తర్వాతి సోమవారం ఉదయమే విశ్వవిద్యాలయం కాలిఫోర్నియాలో ఎదురు దావా వేసింది. సిస్టమ్ ఫైవ్‌లో మా బర్కిలీ కోడ్ వాడారు, ఒప్పందం ప్రకారం మా పేరు చెప్పలేదు అని.

తీసుకున్నారని నింద వేసినవాళ్లే తీసుకున్నవాళ్లుగా నిలబడాల్సి వచ్చింది. అదీ పేరు దగ్గర. బాస్టిక్ పిలుపుకు వచ్చినవాళ్లు కోరుకున్న ఏకైక కూలి పేరే కదా.

ఇంతలో నోవెల్ సంస్థ యూనిక్స్ హక్కులను ఏటీ అండ్ టీ నుంచి కొనేసింది. కోర్టులో కంటే బజారులోనే పోటీ పడతానని దాని అధిపతి రే నూర్డా బాహాటంగా ప్రకటించాడు. 1993 వేసవికి రాజీ మాటలు మొదలయ్యాయి. 1994 జనవరిలో కుదిరింది. నెట్‌వర్కింగ్ రిలీజ్ 2లో సుమారు 18,000 ఫైళ్లు. వాటిలో తీసేయమన్నవి మూడు. కొన్నింటిలో చిన్న మార్పులు. మరో 70 దాకా ఫైళ్ల మీద యూనిక్స్ ల్యాబొరేటరీస్ కాపీరైట్ మాట చేర్చాలి. అంతే.

మూడు ఫైళ్లు. వాటి కోసం దాదాపు రెండేళ్లు.

ఆ రెండేళ్లలో బీఎస్‌డీని నమ్ముకుందామనుకున్న సంస్థలకు భయం పట్టుకుంది. రేపు కోర్టు ఏమంటుందోనన్న సందేహం వెంటాడింది. లినక్స్ మీద అలాంటి నీడ లేదు. పైగా ఎవరు పంపిన దిద్దుబాటునైనా టోర్వాల్డ్స్ చూసి, బాగుంటే చేర్చుకునేవాడు. జనం అటు నడిచారు. రాజీ కుదిరిన రెండు నెలలకు, 1994 మార్చి 14న లినక్స్ 1.0 వచ్చింది. వరసలు 1,76,250. బర్కిలీ వాళ్ల నిష్కళంకమైన 4.4బీఎస్‌డీ-లైట్ జూన్‌లో వచ్చింది.

గట్టు లేని పంపకాలు

మన ఊళ్లలో అన్నదమ్ములు పొలం పంచుకుంటే గట్లు పెరుగుతాయి, చెక్కలు చిన్నవవుతాయి. ఈ ఇంట్లో పంపకాలు అలా జరగలేదు. ప్రతి వారసుడూ పొలం మొత్తం పట్టుకెళ్లాడు. అయినా అన్నగారి పొలం అంగుళం తగ్గలేదు.

386బీఎస్‌డీకి వచ్చిపడుతున్న దిద్దుబాట్లను జోలిట్జ్ ఒక్కడే సర్దలేకపోయాడు. వాడుకరులే గుంపుగా కూడారు. 1993లో నెట్‌బీఎస్‌డీ వెలిసింది. ఎన్ని రకాల యంత్రాలుంటే అన్నింటి మీదా నడవాలన్నది దాని లక్ష్యం. అదే ఏడాది ఫ్రీబీఎస్‌డీ వచ్చింది. మామూలు పీసీ మీద వేగంగా, సులువుగా నడవాలన్నది దాని పట్టు. 1995లో థియో డి రాడ్ట్ నెట్‌బీఎస్‌డీ బృందం నుంచి విడిపోయి కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టాడు. భద్రతే దాని ప్రాణం. ఇంటి నుంచి దూరపు సర్వర్‌లోకి రహస్యంగా ప్రవేశించడానికి ప్రపంచం వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆ ఇంటి బిడ్డే.

రాజీ షరతు ప్రకారం ఫ్రీబీఎస్‌డీ పాత పునాదిని వదులుకుని, అరకొరగా ఉన్న 4.4 లైట్ మీద మళ్లీ మొదటి నుంచి ఇల్లు కట్టుకోవాల్సి వచ్చింది. 1994 నవంబరుకల్లా కట్టేసుకుంది.

లినక్స్ ఇంట కెర్నెల్ ఒక్కటే. దానికి పనిముట్లు జోడించి పంచే కొమ్మలు మాత్రం ఎన్నో. 1993లో పాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ తెచ్చాడు. అదే ఏడాది ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి డెబియన్ ప్రకటించాడు. తన ప్రేయసి డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి ఆ పేరు అల్లాడు. ఆ తర్వాత రెడ్ హ్యాట్. డెబియన్ మీద 2004లో ఉబుంటు లేచింది. ఈ తెగలన్నీ ఒకదాని నుంచి ఒకటి తీసుకుంటూనే ఉన్నాయి.

ఈ దావా తర్వాత ఎవరు నిలిచారని అడిగితే లెక్క తేలుతుంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోనుల్లోని కెర్నెల్ లినక్సే. ఆపిల్ కంప్యూటర్ల అడుగున బీఎస్‌డీ వంశపు కోడ్ ఉంది. నెట్‌ఫ్లిక్స్ వీడియోలను ప్రేక్షకులకు చేరవేసే సర్వర్లు ఫ్రీబీఎస్‌డీవి. మన దగ్గర హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ గ్నూ/లినక్స్ మీద తెలుగులోనే పలికే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పూనుకుంది. తెలుగు చేర్చడానికి ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేకపోయింది. ఇతరులు తలుపు తెరిచిపెట్టి వెళ్లినందుకే కదా.

బర్కిలీ బృందం 1995 జూన్‌లో చివరి విడుదల ఇచ్చి చెదిరిపోయింది. గది ఖాళీ అయింది. జాబితా మాత్రం చెరగలేదు. ఫైలులో ఉన్నది తెర మీద చూపించే క్యాట్ అనే అతి చిన్న పనిముట్టుంది. ఇవాళ ఫ్రీబీఎస్‌డీలో దాని సోర్స్ కోడ్ తెరిచి చూడండి. పైనే, ఈ కోడ్ బర్కిలీకి ఫలానా మనిషి ఇచ్చినదని రాసి ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటినా, ఎన్ని వంశాల చేతులు మారినా, ఎవరూ ఆ పేరు తుడిచేయలేదు. బాస్టిక్ ఇస్తానన్న కూలి ఇప్పటికీ అందుతూనే ఉంది.